ఏత్వం, ఐత్వం

హైస్కూల్లో అందరూ ఆమెను ల్యాబక్క అంటారు. పదిహేడేళ్లుగా రసాయన ప్రయోగశాలలో సీసాలు కడగడం, నింపడం, వాటికి పేర్లు రాసి అంటించడం ఆమె పని. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, బస్సు డ్రైవరైన మొగుడు కూడా హుషారుగా ఉన్నప్పుడు ఆమెను అలాగే పిలుస్తాడు.

ఆ పొద్దున ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బల్ల మీది కాగితం తీశాడు. పదో తరగతి అయిపోతున్న కూతురికి, ఇదే బడిలో పైన రెండేళ్లు ఏ గ్రూపు చదువుతుందో టిక్కు పెట్టమని బడి వాళ్లిచ్చిన ఎంపిక కాగితం అది.

"ఏమ్మా పురుగుల డాక్టరూ, రెండో గడిలో టిక్కు పెట్టావేంటి?"

పొయ్యి దగ్గర ల్యాబక్క చేతిలో గరిటె ఆగింది. "రెండో గడంటే ఏదండీ?"

"ఫిజిక్సు, కెమిస్ట్రీ. మొదటిది బయాలజీ. ఏది ఎక్కితే పైన రెండేళ్లూ అదేనట, మధ్యలో దిగడానికి లేదట. మా బస్సే నయం."

కూతురు కంచంలోంచి తల ఎత్తలేదు. "చూసే పెట్టాను నాన్నా."

"అగ్గిపెట్టెల్లో గొంగళిపురుగుల్ని పెంచి ఇల్లంతా పాకించిన దానివి, నీకు కెమిస్ట్రీ ఏంటే? ఇదిగో ల్యాబక్కా, నువ్వే మాట్లాడు. సాయంత్రంలోగా ఇవ్వాలట." ఆయన కాగితం ఆమె చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా అందుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆమె కాగితం చదువుతున్నట్టు పట్టుకుని నిలబడింది. అక్షరాలు తడిసిన సిరాలా అలుక్కుపోయి కనిపించాయి.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదిగా ఆమె చూపు మసకబారుతోంది. మొదట సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత ఎదుటి మనిషి ముఖం మధ్యలో పొగ పట్టినట్టు కనిపించడం మొదలైంది. ఆమె తల్లికీ అచ్చం ఇలాగే మొదలై, యాభై నిండకముందే గోడలు తడుముకుంటూ నడవాల్సి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఆ మాట అనేస్తాడు. వెళ్లనంతకాలం ఎవరూ అననట్టే కదా! పైగా చూపు ఆననిదాన్ని ఆమ్లాలుండే గదిలో ఎవరు ఉండనిస్తారు? అందుకే ఏ వస్తువు ఎక్కడుందో బుర్రలో పెట్టుకుని, వాసన పట్టి, వేళ్లతో తడిమి నెట్టుకొస్తోంది.

ఇప్పుడు పిల్ల రెండో గడి ఎక్కితే వారానికి మూడు రోజులు ఆ గదిలోనే, తన పక్కనే ఉంటుంది. ఊరందరి కళ్లూ కప్పగలదేమో గానీ, చీమ కాళ్లు లెక్కపెట్టే ఆ పిల్ల కళ్లు కప్పడం ఆమె తరం కాదు.

ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి బడికి బయల్దేరారు. రెండు నెలలుగా పిల్ల తల్లితోపాటే పొద్దున్నే వస్తోంది, వరండాలో చదువుకుంటానని. ప్రయోగశాల తలుపు తీశాక ల్యాబక్క ఇక ఆగలేకపోయింది.

"ఆ టిక్కు కొట్టేసి బయాలజీకి పెట్టు."

"పెట్టను."

"నీకు కెమిస్ట్రీ అంటే పడదని నాకు తెలీదా? ఎవరు ఎక్కించారే ఇది నీ బుర్రలోకి?"

"ఎవరూ ఎక్కించలేదు. నాకు ఈ గదిలో ఉండాలని ఉంది."

ఆ మాటకు ల్యాబక్క భయం కోపమై నోట్లోంచి ఊడిపడింది. "నా గదిలోకి నువ్వు రావడానికి వీల్లేదు! పదిహేడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా మీద నువ్వు కాపలా ఏంటి?"

కాపలా అన్న మాట పిల్ల అనలేదు. అది తన నోటి నుంచే ఎందుకొచ్చిందో ల్యాబక్కకే అర్థం కాలేదు. పిల్ల ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత గబగబా బల్లల దగ్గరికి వెళ్లింది. మొదటి పీరియడ్లో లవణాల పరీక్ష ఉందని ముందురోజు సాయంత్రం ల్యాబక్క నింపి, పేర్లంటించి పెట్టిన సీసాలు వరసగా ఉన్నాయి. పిల్ల అందులోంచి ఒకటి తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఇదేంటో చదువు."

"సోడియం సల్ఫేట్. నేను రాసిందే కదా!"

"నువ్వు రాసింది అదే. లోపలున్నది అది కాదు. నిన్న నువ్వు పోస్తుంటే చూశాను." పిల్ల బీరువాలోంచి ఆ లవణం పోసిన పెద్ద డబ్బా తెచ్చి, తల్లి చూపుడువేలు పట్టుకుని దాని మీది అక్షరం మీద పెట్టింది. "నువ్వు దీన్ని ఏత్వం అనుకున్నావు. కింద చిన్న కొక్కెం ఉందమ్మా. ఇది ఐత్వం. సల్ఫైట్."

ల్యాబక్క కళ్లు చికిలించింది. 'ఫ' మీద ఏదో ఉందని తెలుస్తోంది. కింద ఏముందో ఎంత చూసినా కనిపించలేదు.

సల్ఫేట్ మీద ఆమ్లం పోస్తే పోసినట్టే ఉంటుంది. సల్ఫైట్ మీద పోస్తే గొంతు పట్టేసే గ్యాసు లేస్తుంది. ఇంకో గంటలో నలభై మంది పిల్లలు ఆ సీసాలోది పరీక్షనాళికల్లో వేసుకుని, వంగి ఆమ్లం పోసేవాళ్లు. అందులో ఉబ్బసం ఉన్న పిల్ల కూడా ఒకతి ఉంది. ల్యాబక్క స్టూలు మీద కూలబడింది.

"ఇదొక్కటేనా?" అంది.

"నువ్వు నీళ్ల డ్రమ్ము నింపడానికి వెళ్లినప్పుడల్లా నేను చూసి సరిచేసి పెడుతున్నాను. ఇది నాలుగోది." పిల్ల నేల చూపులు చూసింది. "బయాలజీ వాళ్లకి క్లాసులు రోడ్డవతలి బిల్డింగులో, అదీ ఏడున్నరకే. అక్కడికెళ్తే ఇవి ఎవరు చూస్తారు? నిన్ను పన్లోంచి తీసేస్తారు. లేకపోతే ఎవరికైనా ఏదైనా అవుతుంది."

ల్యాబక్కకు పిల్లను కొట్టాలనిపించింది, కాళ్ల మీద పడాలనిపించింది. పదిహేనేళ్ల పిల్ల తన చదువు తాకట్టు పెట్టి తల్లి సీసాలకు కాపలా కాస్తోంది!

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు భయపడతావని."

వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది. కెమిస్ట్రీ మేడమ్ వస్తోంది. పిల్ల చటుక్కున సీసా అందుకుని మీది చీటీ చింపబోయింది. ల్యాబక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. ఉండనీ."

మేడమ్ లోపలికి రాగానే ల్యాబక్క లేచి నిలబడింది. పారిపోవాలని ఉంది. అయినా సీసా ముందుకు చాచింది.

"మేడమ్, ఇవాళ ప్రాక్టికల్ ఆపించండి. ఇందులో నేను తప్పు పోశాను. చదవడానికి నాకు కళ్లు కనిపించట్లేదు. ఏడాది నుంచీ."

మేడమ్ డబ్బానూ సీసానూ పక్కపక్కన పెట్టి చూసింది. ముఖం పాలిపోయింది. తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

"ఎవరికైనా ఏమైనా అయ్యుంటే అక్కా..." అని ఆగిపోయింది. సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది. "మీరిక సీసాలు ముట్టుకోకండి. హెడ్మాస్టరుగారికి నేను చెప్పక తప్పదు. మీ ఉద్యోగం సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేను. ముందు కళ్ల ఆసుపత్రికి వెళ్లండి, ఇవాళే. పాపను తోడు తీసుకెళ్లండి."

"మీరు దాచాలని నేను అడగను మేడమ్," అంది ల్యాబక్క.

బయట మెట్ల మీద కూర్చుని పిల్ల కాగితం తీసింది. రెండో గడిలో టిక్కు కొట్టేసి మొదటి గడిలో పెట్టింది. ల్యాబక్క తడుముకోకుండా "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు" అని అడిగి, పిల్ల వేలు పెట్టిన చోట పెట్టింది.

అప్పుడు పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. చిన్నప్పటిలా, వెక్కి వెక్కి.

"రెండు నెలలుగా క్లాసులో ఎవరు దగ్గినా గుండె ఆగిపోయేదమ్మా, మన సీసానేమో అని."

ల్యాబక్క పిల్లను దగ్గరికి లాక్కుంది. తన భయం తన దగ్గరే దాచుకున్నానని అనుకుంది ఇన్నాళ్లూ. దాచుకోలేదు. తీసుకెళ్లి పిల్ల నెత్తిన పెట్టింది. కన్నతల్లి చేసే పనేనా ఇది?

"నాకు చాలా భయంగా ఉందే," అంది. ఏడాదిలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. "డాక్టరు ఏమంటాడో అని చచ్చేంత భయంగా ఉంది. ఆయన చెప్పేది నువ్వూ విను. నువ్వు విన్నది నాకు చెప్పు. ఇక నుంచి నేనేమీ దాచను, నువ్వూ దాచొద్దు."

పిల్ల ముక్కు తుడుచుకుని తలూపింది. ఆ తలూపడం తల్లికి ఆనుతుందో లేదోనని వెంటనే పైకి కూడా అంది.

"సరేనమ్మా."