కోడలి క్యాంపు

పొద్దున్నే సోఫాలు గోడవారకు జరిపి, హాల్లో నేలమీద సుద్దముక్కతో వలయాలు గీస్తోంది కోడలు. పిల్లల వేసవి క్యాంపు మొదలై వారమైంది. పరుగుల ఆట తర్వాత కూర్చుని బొమ్మలు చేయించడం, ఆకలని ఏడవకముందే పళ్లముక్కలు పెట్టడం, కొట్టుకునే ఇద్దర్ని ఒకే జట్టులో వెయ్యడం... అన్నీ ముందే ఆలోచించుకునేది. అందుకే సాయంత్రం తల్లులొచ్చి పిలిచినా పిల్లలు ఒక పట్టాన కదిలేవారు కాదు.

రిటైరైన హెడ్మాస్టరు మామగారికి మాత్రం ఆ గోల వింటే ఒళ్లంతా కారం రాసినట్టుండేది. ఆ రోజు ఆట మధ్యలో విసవిసా వచ్చి వీధితలుపు బార్లా తీశారు.

"అందరూ ఇళ్లకు పొండి! రేపట్నుంచి ఎవరూ రానక్కర్లేదు."

పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఒకడు చెప్పులు వెతుక్కోసాగాడు.

"ఎవరూ కదలొద్దు," అంది కోడలు. వెళ్లి తలుపు మూసేసింది.

"నాకే ఎదురు చెబుతావా?"

"చెబుతాను మామయ్యా. మీరు వద్దన్నారని ఉద్యోగం మానేశాను, నోరెత్తలేదు. ఇది మాత్రం మానను."

"పిల్లల్ని ఆడించడం కూడా ఒక పనేనా?"

"అయితే ఒక్క అరగంట మీరు చూసుకోండి."

పంతంకొద్దీ ఒప్పుకున్నారాయన. అందర్నీ వరసగా కూర్చోబెట్టి, చేతులు కట్టించి, క్రమశిక్షణ గురించి మొదలుపెట్టారు. కాసేపటికే ఒకడు పక్కవాణ్ణి గిల్లాడు. ఇంకో పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆయన కేకలేసినకొద్దీ గోల పెరిగింది. కోడలు గుమ్మానికి ఆనుకుని చూస్తోందే తప్ప సాయానికి రాలేదు.

అందరూ పిడుగు అని పిలిచే ఏడేళ్ల పిల్ల లేచి నిలబడింది. "తాతగారూ, చిన్నప్పుడు మీరేం ఆట ఆడేవారు?"

మామగారు కేకలు ఆపి ఆ పిల్లవైపు చూశారు.

"మా నాన్న ఆడనిచ్చేవాడు కాదమ్మా," అన్నారు చివరికి. "కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి."

"అయ్యో! అయితే మా జట్టులోకి రండి," అంటూ చెయ్యి పట్టుకు లాగింది పిడుగు.

ఆయన కోడలివైపు తిరిగారు. "ఆడనిస్తావా అమ్మాయ్?"

ఆమె కళ్లు చెమర్చాయి. అయినా మెత్తబడలేదు. "ముందు పిల్లలకి సారీ చెప్పండి మామయ్యా. ఆ తర్వాతే ఆట."

జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పని ఆ మనిషి, మోకాళ్లు పట్టుకుని మెల్లిగా నేలమీద కూర్చున్నారు.

"తప్పయిపోయిందర్రా పిల్లలూ." ఒక్క క్షణమాగి తలెత్తారు. "నీ విషయంలోనూ తల్లీ. ఆ ఉద్యోగం మాన్పించినందుకు."

కోడలు పైటకొంగుతో కళ్లొత్తుకుని, మెళ్లోని ఈల తీసి గట్టిగా ఊదింది.