మామగారి పైపు తోమిన కోడలు

రేపటి నుంచి ఆషాఢం. పెళ్లయి రెండు నెలలైనా నిండని మనీషాను పుట్టింటికి తీసుకుపోవడానికి అత్తాపూర్ నుంచి అన్న జగదీశ్ ఇవాళ పది గంటలకు వస్తానన్నాడు. ఆమె బెంగ మాత్రం ప్రయాణం గురించి కాదు, మామగారి గురించి. కుర్మయ్య ఇంతవరకు కోడలితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. సాయంత్రమైతే చాలు, శంషాబాద్ విమానాశ్రయంలో దిగే విమానాలను చూస్తూ వరండాలో గంటసేపు పొగాకు పైపు పీలుస్తాడు. ఆ గంటలో ఆయన్ని కదిలించడం ఎవరితరమూ కాదు.

వెళ్లేలోగా ఆయన మెచ్చే పని ఒక్కటైనా చేయాలనుకుంది మనీషా. తెల్లవారే లేచి దేవుడి దగ్గరి ఇత్తడి సామానంతా చింతపండు వేసి తోమింది. అదే ఊపులో కిటికీలో ఉన్న పైపునూ అందుకుంది. లోపలంతా నల్లటి మసి! ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు పాపం అనుకుని, చెంచాతో గీకి, చింతపండు పెట్టి రుద్ది, కడిగి ఎండలో బోర్లించింది.

చాయ్ తాగి వరండాలోకి వచ్చిన కుర్మయ్య కెవ్వుమన్నాడు.

"ఎవలు ముట్టిన్రు దీన్ని?"

"ముడితే ఏమైంది? అద్దం లెక్క మెరుస్తలేదా?" అంది భార్య రుక్మిణమ్మ.

"మెరుసుడు ఎవలకు గావాలె! నాలుగేండ్ల మసి అది. విమానాలు మొదలైన ఏడాది మోజంజాహి మార్కెట్‌ల కొన్న. రోజుకింత పట్టించిన. అది ఉంటెనే కట్టె కాలదు, పొగ చేదెక్కదు!"

"మసి పోయిందని ఏడ్చేటోన్ని నిన్నే చూస్తున్న. నా గిన్నెలకు మస్తు మసి ఉన్నది, గీకియ్యాల్నా?"

మనీషా తలుపు చాటు నుంచి ముందుకొచ్చింది. "నేనే కడిగిన మామయ్యా. మీకు నచ్చుతదనుకున్న."

కుర్మయ్య పైపును ఒళ్లో పెట్టుకున్నాడు. మొహం తిప్పుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. మనీషా లోపలికి పోయి బట్టలు సర్దుకుంటుంటే కన్నీళ్లు చీరల మీదే పడ్డాయి. జగదీశ్ వచ్చాడు, టిఫిన్ చేశాడు, ఆటో పిలిచాడు. మామగారు కుర్చీలోంచి లేవలేదు. ఇక ఆమెకు ఓపిక పోయింది. సంచీ కింద పెట్టి నేరుగా ఆయన ముందుకెళ్లింది.

"మామయ్యా, తిట్టేదుంటే తిట్టుండ్రి. పైపుతోని గంట కూసుంటరు, నాతోని ఒక్క మాట మాట్లాడరు. నేనంటే మీకు అంత పడదా?"

రుక్మిణమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. కుర్మయ్య పైపును అటూ ఇటూ తిప్పాడు.

"పడకపోవుడు కాదు," అన్నాడు మెల్లగా. "మన పొలం ఇప్పుడు ఆ విమానాలు ఉరికే కాడ ఉన్నది. అది పోయినంక పొద్దుగూకితే చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వకపోయేది. దీన్ని నింపుడు, అదుముడు, ఆరకుంట చూసుకునుడు... గింత పనన్న దొరికింది. మాటలే మరిచిపోయిన. నీతోని ఏం మాట్లాడాల్నని రోజూ అనుకుంట, లోపటికి పోయి పంటున్న."

ఇన్నాళ్లూ తను గర్వమనుకున్నది సిగ్గా! మనీషా ఆయన కుర్చీ పక్కనే కింద కూర్చుంది. "మసి మళ్లీ పట్టించొచ్చా మామయ్యా?"

"ఎందుకు రాదు? ముందుగాల ఆరాలె. లోపట జర తేనె పూయాలె. సగమే నింపి, నిమ్మలంగ..." కుర్మయ్య ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. బయట ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"తేనె పసిపిల్లలకు నాకిస్తరు, గీ ముసలి కట్టెకా!" అని రుక్మిణమ్మ నవ్వింది.

ఆటో దాకా సంచీ కుర్మయ్యే మోశాడు. "ఆదివారం అత్తాపూర్ వస్త. మసి ఎంత పట్టిందో చూద్దువుగాని."

"ఆషాఢంల మనం ఆ గడప తొక్కొద్దు, యాదున్నదా?" అంది రుక్మిణమ్మ.

"నువ్వు తొక్కొద్దు, నీ కొడుకు తొక్కొద్దు. మామ తొక్కొద్దని ఎవలు జెప్పిన్రు? పోయిరా బిడ్డా!"

ఆటో కదిలింది. మనీషా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. జగదీశ్ కంగారుపడ్డాడు.

"అత్తగారింటికి పోతుంటే ఏడుస్తరు గాని, తల్లిగారింటికి పోతూ ఏడుస్తవేందే?"

"ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నయి అన్నా," అంది మనీషా.