తాళం వేసిన గదిలో కంప్యూటర్

వికారాబాద్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ ఖుద్దూస్ ఆఫీసుకు వచ్చేవాళ్లు మామూలుగా గుమ్మం దగ్గరే కాసేపు నసుగుతారు. ఇందిరమ్మ మాత్రం లోపలికి వస్తూనే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తాండూరు నుంచి రైల్లో వచ్చిందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

“అన్నా, మా కోడల్ని దొంగంటున్నరు. ఆదివారం వాళ్ల నాయినను మర్పల్లి నుంచి పిలిపించి, పిల్లను ఆయన వెంట పంపించేస్తడట మా ఆయన. ఆ పిల్ల గసుంటిది కాదు.”

“నిమ్మళంగ చెప్పు చెల్లె. ఏం పోయింది?”

పోయింది వస్తువు కాదు. ఇందిరమ్మ భర్త రామచందర్‌కు తాండూరులో బండల పాలిష్ కార్ఖానా ఉంది. కోడలు సాహిత్య ఇంట్లోనే కంప్యూటర్ మీద ఫ్లోరింగ్ డిజైన్లు గీస్తుంది. నీలం బండలో పసుపు బండ పొదిగిన ఆ పూలంటే జనం ఎగబడుతున్నారు. కానీ కొన్నాళ్లుగా ఆమె గీసిన పువ్వు తమ కార్ఖానాలో కోతకు పోకముందే బజార్లో వేరే దుకాణం ముందు నమూనాగా కూర్చుంటోంది. కంప్యూటర్ సాహిత్యది, గదీ ఆమెదే. ఇంక వెతికేదేముందని రామచందర్ తేల్చేశాడు.

“అత్తగారు కోడలి కోసం ఏడ్చిన కేసు నా సర్వీసులో ఇదే మొదటిది సార్,” అన్నాడు అసిస్టెంట్ చంద్రకాంత్, ఆమె వెళ్లాక. అతని సర్వీసు మొత్తం కలిపినా ఏడాది దాటదు.

మరునాడు ఇద్దరూ తాండూరు వెళ్లారు. రామచందర్ ముఖం గంటు పెట్టుకునే కూర్చోమన్నాడు. సాహిత్య కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

“డిజైన్లు ఎవరికన్న ఫోన్ల పంపినవా బిడ్డా?” అడిగాడు ఖుద్దూస్.

“లేదు సార్. మామకు గూడ ప్రింట్ తీసే చూపిస్త.”

“దీంట్ల బయటోళ్లను ఆపే ఫైర్‌వాల్ నడుస్తలేదే?” అన్నాడు ఖుద్దూస్ ఆమె కంప్యూటర్ చూస్తూ.

“నేనే బంద్ చేసిన సార్,” అన్నాడు సాహిత్య భర్త రూపేష్. “అది ఉంటే నా ఫోన్ల ఈ డిజైన్ల ఫోల్డర్ తెరుచుకోకపోతుండె. ఊకె పాస్‌వర్డ్ అడుగుతున్నదని దాన్ని గూడ తీసేసిన. ఇంట్ల కంప్యూటరే గదా, ఎవరొస్తరు? నెట్ డబ్బాల ఎట్లాగు ఒక ఫైర్‌వాల్ ఉంటదంటరు.”

“ఉంటది, ఉంటది,” అంటూ ఖుద్దూస్ ఆ డబ్బా ప్లగ్గు పీకేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతనికేమైనా పిచ్చా అన్నట్టు చూశాడు రామచందర్.

గోడ అవతలి నుంచి కేక వినిపించింది. “పెద్దమ్మా! నెట్ పోయింది!”

“ఎవరు చెల్లె?”

“హరీష్. పక్కింట్ల కిరాయికుంటడు. ఫ్లోరింగ్ కాంట్రాక్టులు పడతడు. మంచోడు, పాపం,” అంది ఇందిరమ్మ.

ఖుద్దూస్ ప్లగ్గు మళ్లీ పెట్టాడు. తన పెన్‌డ్రైవ్‌లోంచి ఏదో ఆ ఫోల్డర్‌లో వేశాడు. కంప్యూటర్ ఆపకుండానే గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “ఆదివారం దాకా ఈ తలుపు ఎవ్వరు తియ్యొద్దు,” అని చెప్పి వెళ్లిపోయాడు. చంద్రకాంత్‌ను మాత్రం బజార్లో వదిలాడు.

ఆదివారం సాహిత్య తండ్రి వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. ఖుద్దూస్ హరీష్‌ను కూడా పిలిపించాడు. చంద్రకాంత్ తన ఫోన్‌లో ఒక ఫొటో అందరికీ చూపించాడు. బజార్లోని ఆ దుకాణం ముందు కొత్త నమూనా, తామర పువ్వు. ఒక రేకు తలకిందులుగా ఉంది.

“చూసిన్రా!” అన్నాడు రామచందర్. “మళ్ల పోయింది!”

“పోయింది. కానీ ఇది నీ కోడలు గీసింది కాదు. మా చంద్రకాంత్ వికారాబాద్ల గీసిండు. గుర్తుకోసమని ఆ రేకు కావాలనే తిప్పిండు.”

“సగం కావాలనే సార్,” అన్నాడు చంద్రకాంత్ నిజాయితీగా.

“గది తాళం చెవి నా దగ్గర్నే ఉన్నది. సాహిత్య ఆ పువ్వును కండ్లతోని గూడ చూడలే. అయినా బయటపడ్డది. ఎట్ల? వైఫైల పోయింది. బయటి దొంగను నెట్ డబ్బా ఆపుతది, అది వాకిలి దర్వాజా. కానీ మీ నెట్ వాడేటోడు దర్వాజా దాటి ఇంట్లకొచ్చినట్టే. వాణ్ని ఆపాల్సింది కంప్యూటర్ల ఉండే ఫైర్‌వాల్, ఫోల్డర్ పాస్‌వర్డ్. రూపేష్ రెండూ తీసేసిండు. మొన్న నేను డబ్బా బంద్ చేస్తే నెట్ పోయిందని ఒర్రింది ఎవరు?”

అందరూ హరీష్ వైపు తిరిగారు.

“నెట్ వాడుకుంటే దొంగనైతనా?”

“కావు. కానీ మా చంద్రకాంత్ కొనేతందుకు వచ్చిన గిరాకీ లెక్క పోయి అడిగితే, ఈ పువ్వు హరీష్ అన్న తెచ్చిండని దుకాణపోళ్లే చెప్పిన్రు.”

హరీష్ ముఖం పాలిపోయింది. “ఫోల్డర్ దానంతటదే కనవడ్డదన్నా. మొదలు ఊకె చూసిన. తర్వాత ఆశ పుట్టింది. తప్పయింది.”

“వీనికి నెట్ ఎవరిచ్చిన్రు?” గర్జించాడు రామచందర్.

“నేనే,” అంది ఇందిరమ్మ, గొంతు తగ్గించి. “తోడు పెరుగు అడిగితే ఇస్తం గదా. గట్లనే ఇచ్చిన.”

సాహిత్యకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. “అమ్మయ్య, బతికిపోయిన అత్తమ్మా!” అంటూ ఇందిరమ్మను వాటేసుకుంది. ఆమె తండ్రి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఎంత భారం దిగిందో ఆ ముసలాయనకు!

“ఇంట్ల కంప్యూటర్‌కు గూడ ఫైర్‌వాల్ ఉండాల్నా సార్?” అడిగాడు రూపేష్ సిగ్గుపడుతూ.

“పక్కింటికి నెట్ ఇచ్చే ఇంట్ల ఖాయంగ ఉండాలె. కంప్యూటర్‌తోనే వచ్చింది గదా, ఖర్చేముంది?” గది తాళం తీసి ఫైర్‌వాల్ మళ్లీ పెట్టించాడు ఖుద్దూస్. రూపేష్ ఏదో ప్రోగ్రాం తెరిచాడు. తెర మీద చిన్న గడి లేచింది.

“ఏమంటుంది అది?” అన్నాడు రామచందర్, కోడలి వెనక నిలబడి.

“దీన్ని రానియ్యాల్నా, వద్దా అని అడుగుతుంది మామా.” సాహిత్య తెర మీది నుంచి చూపు తిప్పలేదు. “తెల్వనిదొచ్చినా గూడ ఒక మాట అడిగినంకనే తేలుస్తది. మీరు నన్ను అడగనే లేదు.”

రామచందర్ కోడలి పక్కకు వచ్చాడు. వియ్యంకుడి ముందే, అందరూ వింటుండగానే అన్నాడు.

“నాదే తప్పు బిడ్డా.”