స్వెటర్ వేసుకున్న కెప్టెన్

లంచ్ బెల్ మోగిందో లేదో, థెమెలీనా నల్ల కాగితపు పాదం ఒకటి తీసి చిన్నపిల్లల గది తలుపుకి టపీమని అంటించింది.

"గదిలో పురుగు లేదు, లైటు మాత్రం ధగధగా వెలుగుతోంది!" అంది.

"పోనీలేవే, పాపం," అంది పక్కనున్న జోవెలిన్. "వాళ్లకి స్విచ్ కూడా అందదు."

"అందకపోతే కుర్చీ వేసుకోవాలి. రూలంటే రూలే."

ఐదో క్లాసు థెమెలీనా ఆ బడికి కరెంటు కెప్టెన్. ఆ ఊళ్లో గ్యాస్ కాల్చి కరెంటు చేస్తారు. బడిలో కరెంటు ఎంత వృథా అయితే, గాలిలోకి అంత కార్బన్ పోయినట్టే. అది కంటికి కనబడదు కాబట్టి, వృథా చేసిన గది తలుపుకి కార్బన్ అడుగుజాడ అని ఒక నల్ల పాదం అంటిస్తారు. బడి భవనాలన్నీ చూసుకునే రోవెనా మేడమ్ పెట్టిన పద్ధతి అది.

శుక్రవారం ప్రిన్సిపాల్ వచ్చి లెక్క చూస్తారు. అందరికంటే తక్కువ పాదాలున్న గదికి మామిడి పుల్లైస్‌లు. నవంబరంటే ఆస్ట్రేలియాలోని ఈ డార్విన్ ఊళ్లో మండే ఎండాకాలం, అప్పుడు పుల్లైస్ అంటే మాటలా! వాన ఇదిగో వస్తున్నా అంటుంది, రాదు. చొక్కా వీపుకి అతుక్కుపోతుంది.

అన్ని గదులకీ నాలుగైదు పాదాలు పడిపోయాయి, ఆ మధ్యాహ్నం దాకా ఒక్కటి కూడా లేనివి రెండే. ఒకటి చిన్నపిల్లలది, రెండోది థెమెలీనా వాళ్లది. ఇప్పుడిక ఒకటే మిగిలింది. అయినా కెప్టెన్ గదికి పాదం అంటించే మొనగాడెవరు? గురివింద గింజకి తన కింద నలుపు తెలియదని ఊరికే అనలేదు పెద్దలు.

సాయంత్రం ఇంట్లో తమ్ముడు పాంటెలీ ఆమెతో మాట్లాడలేదు. వాడు ఆ చిన్నపిల్లల గదిలోనే చదువుతాడు. ద్రాక్షాకుల్లో అన్నం కూరి నానమ్మ చేసిన చుట్టలు కూడా ముట్టుకోకుండా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏరా, అలిగావా?" అంది థెమెలీనా.

"నువ్వు మా అక్కవని ఇక ఎవరికీ చెప్పను," అన్నాడు వాడు. "నీవల్ల మా అందరికీ పుల్లైస్ పోయింది. లీలా అయితే ఏడ్చింది కూడా."

"తప్పు చేస్తే పోదా మరి?" అంది ఆమె. అంది గానీ, ఆ మాట తర్వాత చుట్టలు ఆమెకీ రుచించలేదు.

మర్నాడు థెమెలీనా స్వెటర్ మరిచిపోయి సైకిలెక్కింది. వాళ్లమ్మ దాన్ని పాంటెలీ సంచిలో కుక్కి పంపింది. వాడు అక్క గది తలుపు తోశాడు. తోసి, గుమ్మంలోనే నిలబడి వణికాడు.

"అమ్మో! ఇక్కడ చలికాలం ఎవరు తెచ్చారు?"

క్లాసంతా గొల్లుమంది. వాడు నవ్వలేదు. గదిలో అందరినీ ఒకసారి తేరిపార చూశాడు. జోవెలిన్ చెవుల దాకా టోపీ లాక్కుంది. డెక్లన్ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అందరి ఒంటి మీదా స్వెటర్లే.

"బయట ఉడికిపోతోంది కదా. మీరు ఏసీ వేసుకుని, చలేస్తే దానికి మళ్లీ స్వెటర్ వేసుకుంటారా?"

"ఎప్పుడూ అంతేరా," అన్నాడు డెక్లన్. "అందుకే కదా అందరం తెచ్చుకునేది."

"కూరలో ఉప్పు గుమ్మరించి, తర్వాత చెంబుల కొద్దీ నీళ్లు తాగినట్టుంది!"

పిట్ట కొంచెం, కూత ఘనం. అచ్చం వాళ్ల నానమ్మ మాటే. థెమెలీనా చటుక్కున స్వెటర్ లాక్కుని, "చాల్లే, నీ క్లాసుకి పో," అని వాడిని తరిమేసింది. స్వెటర్ తొడుక్కోబోయి ఆగింది. రోజూ చేసే పనే, ఇవాళ ఎందుకో సిగ్గేసింది.

అంతలో రోవెనా మేడమ్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చింది.

"ఈ ఏసీ పొద్దుటి నుంచీ క్షణం ఆగకుండా తిరుగుతోంది," అంటూ పైకి చూసింది. "నేను ఇరవై ఐదుకి పెట్టి వెళ్తాను. వచ్చి చూసేసరికి పద్దెనిమిది! ఎవరమ్మా దించుతున్నది?"

థెమెలీనా తేలు కుట్టిన దొంగలా పుస్తకంలోకి తల దూర్చింది. రోజూ అందరికంటే ముందొచ్చేది ఆమే. ఎండలో సైకిల్ తొక్కి వచ్చి, చెమటతో ఆ రిమోట్ పట్టుకుని టిక్కు టిక్కుమని కిందికి నొక్కేదీ ఆమే. తర్వాత ఆ సంగతే మరిచిపోయి స్వెటర్ వేసుకునేది.

"పద్దెనిమిది పెడితే తొందరగా చల్లబడుతుంది కదా మేడమ్?" అన్నాడు డెక్లన్.

"లేదు నాన్నా. చల్లబడ్డాక కూడా ఆగదు, అంతే."

థెమెలీనా మెల్లగా తలెత్తి అడిగింది. "లైట్లకంటే ఎక్కువ తింటుందా?"

"లైట్లా!" అని నవ్వింది రోవెనా మేడమ్. "చిన్నపిల్లల గదిలో లైట్లు రోజంతా వెలిగినా, ఇది గంటలో తినేసినంత తినవు."

ఆ తర్వాత టీచర్ చెప్పిన పాఠం ఒక్క ముక్కా థెమెలీనా బుర్రకెక్కలేదు. లైటు ఒక్కటి వెలిగిందని ఆ పసివాళ్ల నోటి దగ్గరి పుల్లైస్ లాగేసింది తను. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే రేపు తమ గదే గెలుస్తుంది.

శుక్రవారం పొద్దున థెమెలీనా ముందుగానే వచ్చింది. రిమోట్ తీసింది. ఈసారి పైకి నొక్కింది. ఇరవై ఐదు దగ్గర ఆపి, ఫ్యాన్ వేసింది. పిల్లలు వచ్చారు. ఎవరి స్వెటరూ సంచిలోంచి బయటికి రాలేదు.

బయట ప్రిన్సిపాల్ గొంతు వినబడింది. పక్క గది దాకా వచ్చేశారు. "మామిడి, మామిడి!" అని డెక్లన్ బల్ల మీద దరువేశాడు. థెమెలీనా తలుపు వైపు చూసింది. లేచి, సంచిలో మిగిలిన నల్ల పాదాలన్నీ తీసి, తమ గది తలుపుకే ఒకటొకటిగా అంటించడం మొదలుపెట్టింది.

"నీకు మతి పోయిందా?" అని జోవెలిన్ చెయ్యి పట్టుకుంది. "మన పుల్లైస్!"

"ఏసీ రోజూ దించింది నేనే. నిన్న మేడమ్ అడిగితే చెప్పలేదు." చెయ్యి విడిపించుకుని ఇంకో పాదం అంటించింది. "రూలంటే రూలే."

డెక్లన్ విసురుగా మొహం తిప్పుకున్నాడు. బడి వదిలే ముందు చిన్నపిల్లల గదిలో పుల్లైస్‌లు పంచారు, వాళ్ల కేరింతలు గోడలు దాటి వినబడ్డాయి.

బడి వదిలాక థెమెలీనా సైకిల్ తాళం తీస్తుంటే పాంటెలీ పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనక లీలా.

"లీలా, ఇదిగో, ఈమే మా అక్క!" అన్నాడు పాంటెలీ. చేతిలో సగం పుల్లైస్, మోచేతి దాకా కారుతున్న పసుపు రసం. "నీకే దాచాను. తొందరగా తిను, కరిగిపోతోంది."

ఆమె ఒక్క కొరుకు కొరికి, మిగిలింది వాడి నోటికే అందించింది. తర్వాత సంచిలోంచి స్వెటర్ తీసి, దాని చేతితో వాడి మూతీ మోచేతులూ శుభ్రంగా తుడిచింది.