ఆపేవాడా, కొట్టేవాడా?

"మనకు కొట్టేవాడు వద్దు కిషోరూ. షార్ట్‌స్టాప్‌లో బంతి ఆపేవాడు కావాల," అంది సుభాషిణి.

"ఆపితే పరుగులొస్తాయా?"

"అవతలోళ్ళకు రాకుండా పోతాయి గదా! అవి లెక్కలోకి రావా నీకు?"

ఇద్దరూ కలిసి ఫోన్‌లో ఒక బేస్‌బాల్ టీమ్ నడుపుతున్నారు. ఆటగాళ్ళను ఎంచుకోవడమే వాళ్ళ పని, మ్యాచ్ కంప్యూటరే ఆడేస్తుంది. సుభాషిణి కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడిన పిల్ల, అదీ దొర్లొచ్చే బంతులు ఎక్కువగా ఆపాల్సిన షార్ట్‌స్టాప్ చోట. బంతికోసం పడ్డ దెబ్బలు చూపించి మరీ వాదిస్తుంది. కిషోర్‌కేమో బంతి స్టేడియం దాటితేనే ఆట. నిజం చెప్పాలంటే, ఆమె మూతి ముడిచే తీరు చూడ్డానికే సగం వాదించేవాడు. ప్రేమ సంగతి మాత్రం చెప్పలేదు. కప్పు గెలిచిన రోజు దర్జాగా చెబుదామనుకున్నాడు.

కొత్త సీజన్‌కు అన్ని టీమ్‌లూ వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే సాయంత్రం వాకాడులో వాన పట్టుకుంది. వాళ్ళ వంతు రాబోతుండగా సుభాషిణి ఫోన్ చేసింది.

"నాయన పడవ ఇంకా రాలా. రేవుకు పోతుండా. నువ్వూ రా కిషోరూ, భయంగా ఉంది."

"మన వంతు అయిపోగానే వస్తా."



"సరే. ఆ ఆపేవాణ్ణే తీసుకో," అని పెట్టేసింది.

అతను కొట్టేవాణ్ణి తీసుకున్నాడు. ఆ తర్వాతే రేవుకు పరుగెత్తాడు.

పడవ అప్పటికే ఇసుక మీదుంది. పడవ ఒడ్డు చేరితే రేవులో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, తాడు మీద చెయ్యి వేయాలి. అది అక్కడి మర్యాద. చేపలు కొనడానికొచ్చిన ప్రసాద్ కూడా వేశాడు. ఒరుసుకుపోయిన అతని అరచేతికి సుభాషిణి చున్నీ చింపి కడుతోంది. పక్కనే ఆమె నాయన గంగాధరం వణుకుతూ కూర్చున్నాడు.

"ఎవర్ని తీసుకున్నావు?" అని మాత్రం అడిగింది.

కిషోర్ చెప్పాడు. ఆమె మూతి ముడవలేదు, వాదించనూ లేదు. అతనికి భయం వేసింది.

ఆ సీజన్ వాళ్ళ టీమ్ ఓడిపోయింది. ఆ కొట్టేవాడి కాళ్ళ మధ్యనుంచే ఆఖరి బంతి దొర్లిపోయింది. వేసవిలో సుభాషిణికి ప్రసాద్‌తో పెళ్ళయింది, ఆట మానేసింది. పిలిచినప్పుడు పోయుంటే బాగుండేదని కిషోర్ తనను తాను తిట్టుకోని రోజు లేదు.

మళ్ళీ వానలొచ్చేలోపు ఇంకో సీజన్ ఒక్కడే ఆడేశాడు. ఒక సాయంత్రం అతను రేవుకు వెళ్ళి, గంగాధరం పడవ తాడును అందరికంటే ముందు అందుకున్నాడు. పడవ ఒడ్డెక్కాక సుభాషిణి చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఈసారి ఎవర్ని తీసుకున్నావు?"

"ఆపేవాణ్ణే. కప్పు గెలిచినాం."

"గెలిచినారా!" ఆమె ముఖం వెలిగింది. "చెప్పనేలేదే?"

"టీమ్‌లో నీ పేరు ఇంకా ఉంది సుభా. నువ్వే చూసుకుంటావని..."

తాడు చుడుతున్న ప్రసాద్ వైపు చూసి, ఆమె గొంతు తగ్గించింది. "తీసెయ్ కిషోరూ."

ఆమె ఎదుటే ఫోన్ తీశాడు. వేళ్ళ నిండా ఉప్పునీళ్ళు. ఎన్నిసార్లు నొక్కినా స్క్రీన్ కదల్లేదు. అందుకతనికి ఎక్కడలేని సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది.

"ఇంటికి పోయి తీస్తాలే," అన్నాడు.

నమ్మినట్టే తల ఊపి, ఆమె ఖాళీ చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.