పదహారో అంతస్తులో రెండు గదులు

"మీ బావ జారిపడలేదు. తోసేశారు."

చీఫ్ టేబుల్ మీదికి జరిపిన ఫోటోని ఏజెంట్ గబ్బిలం ఒక్క చూపు చూసి బోర్లా తిప్పేశాడు. చనిపోయినవాడు అతని చెల్లెలి భర్త, లైటింగ్ ఇంజనీరు. ఆఫీసులు మూసేశాక కరెంటు వృథా కాకుండా ఓ అద్దాల భవనంలో సెన్సార్లు బిగిస్తున్నాడు. గదిలో మనిషి కదిలితే లైటు వెలుగుతుంది. కదలిక లేకపోతే ఆరిపోతుంది.

"పదహారో అంతస్తులో అందరూ వెళ్ళిపోయాక కూడా కొన్ని గదులు వెలుగుతున్నాయనీ, రోజుకో వరసలో వెలుగుతున్నాయనీ రిపోర్టు రాశాడు. మర్నాడే పోయాడు," అన్నాడు చీఫ్.

"కోడ్!"

"విదేశీ ముఠా. నది అవతల ఒకడు బైనాక్యులర్స్‌తో సరిగ్గా తొమ్మిదికి చదువుకుంటాడు. ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. మన రక్షణలో ఉన్న సైంటిస్టునీ, భార్యనీ, పసిబిడ్డనీ ఇవాళ తొమ్మిదింపావుకి ఊరు దాటిస్తున్నాం. ఏ దారిన వెళ్తారో ఆ కిటికీలు చెప్పేస్తే, ఆ దారిలోనే కాపు కాస్తారు."

"బిల్డింగుకి కరెంటు తీసేయిస్తే?"

"ముఠా తప్పించుకుంటుంది. మనలోని ద్రోహి మిగిలిపోతాడు. లోపల మన ఏజెంట్ నెమలి ఉంది. ఎలక్ట్రీషియన్‌లా వెళ్ళి కలువు."

దారిలో చెల్లెలు ఫోన్ చేసింది. అన్నయ్య జనాభా లెక్కల ఆఫీసులో గుమాస్తా అనే ఆమె నమ్మకం.

"తాగి పడ్డాడంటున్నారు అన్నయ్యా. నువ్వు చెప్పు, ఆయన ఏనాడైనా తాగారా?"

"ఆఫీసు పనిలో ఉన్నానమ్మా. మళ్ళీ చేస్తా." ఫోన్ పెట్టేశాడు.

భవనం మేనేజరు వేషంలో ఉన్న నెమలి లిఫ్టు దగ్గర ఎదురైంది. నీలం సిల్కు సూటు, కత్తి అంచులాంటి నవ్వు.

"ట్యూబు మినుకుతోందా?"

"స్టార్టర్ పోయింది."

కోడ్ కలిసింది. అతన్ని పదహారో అంతస్తులో వదిలి, కింద కాపలా చూసొస్తానని ఆమె వెళ్ళింది. వరండా చివర పెద్దావిడ ఒకామె తుడుపుకర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వూ లైట్ల బాబువేనా? ఆ బాబు అడిగితే ఉన్నమాట చెప్పాను. తెల్లారేసరికి లేడు. నా నోరే ఆయన్ని మింగిందేమో!"

"ఏం చెప్పావమ్మా?"

"ఏ గదుల్లో లైట్లు ఉంచాలో మేనేజరు మేడం రోజూ చీటీ రాసిస్తారు. సెన్సార్లు పనిచెయ్యకుండా ఆవిడే తాళం తిప్పుతారు. ఇవాళ మూడు, ఏడు."

మేనేజరు మేడం అంటే నెమలే! గబ్బిలం ప్యానెల్ దగ్గరికి పరిగెత్తాడు. చీఫ్ ఇచ్చి పంపిన బావ డూప్లికేట్ తాళంచెవితో సెన్సార్లు ఆన్ చేసి, టైమర్ పదిహేను సెకన్లకు తిప్పి, తాళంచెవిని తాళంలోనే పుటుక్కున విరిచేశాడు. మూడు, ఏడు గదులు చీకటయ్యాయి.

"మీ బావకీ ఇదే తొందర," వెనక నుంచి నెమలి గొంతు. ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

అతని ఎడమచేతిని ప్యానెల్ కడ్డీకి సంకెలేసింది. ప్యానెల్ తాళం తిప్పబోయింది, తిరగలేదు. టైము ఎనిమిది యాభై ఎనిమిది. మూడో గదిలోకి ఉరికింది. ఆ గది వెలిగింది, ఏడో గది వెలగలేదు. ఒక్క మనిషి రెండు గదుల్లో కదలలేదు మరి.

పిస్టల్ పెద్దావిడ వైపు తిరిగింది. "ఏడో గదిలోకి నడు! చేతులు ఊపుతూనే ఉండు. ఆపావో, కాల్చేస్తా!"

అద్దాల గోడల వెనక రెండు గదులూ వెలిగాయి. పెద్దావిడ చేతులు ఊపుతోంది.

"అమ్మా!" అరిచాడు గబ్బిలం. "తొమ్మిదికి ఆ లైటు వెలుగుతూ ఉంటే కారులో పసిబిడ్డ చచ్చిపోతుంది!"

ఆమె అతనికేసి చూసింది. చేతులు దించేసింది. కళ్ళు మూసుకుని కొయ్యబొమ్మలా నిలబడింది.

"కదులు! కదలవే!" నెమలి కేకలు పెట్టింది. ఐదు సెకన్లు. పది. ఊపిరి తీసినట్టు కూడా లేదు ఆవిడ.

తొమ్మిదికి ఒక్క సెకను ఉందనగా ఏడో గది ఆరిపోయింది.

నెమలి చీకట్లోకి గురి పెట్టింది. ఎవరూ కనపడలేదు. తను మాత్రం నిండు వెలుగులో ఉంది. గబ్బిలం కుడిచేత్తో జేబులోని టెస్టర్ లాగి మీట నొక్కాడు. తెరిచి ఉన్న తలుపులోంచి మత్తు సూది వెళ్ళి ఆమె మెడలో దిగింది. తూటా సీలింగులోకి పోయింది. ఆమె కూలబడ్డాక మూడో గది కూడా ఆరిపోయింది.

సైంటిస్టు కుటుంబం క్షేమంగా ఊరు దాటింది. నది అవతలి మనిషి బైనాక్యులర్స్‌తో సహా దొరికాడు. ఫైల్లో మాత్రం ఇంజనీరు 'ప్రమాదవశాత్తూ జారిపడ్డాడు' అనే ఉంది.

"చెల్లెలికి ఒక్క ముక్క చెప్పుకో. తాగలేదని. అంతకు మించి వద్దు," అన్నాడు చీఫ్.

చెప్పాడు. ఆమె అతని మొహంలోకి చూసింది.

"ఈ మాట చెప్పడానికి ఎవరి పర్మిషన్ కావాల్సొచ్చింది అన్నయ్యా?"



ఆ మర్నాడు పెద్దావిడని పిలిపించి, ఏం కావాలో కోరుకోమన్నాడు చీఫ్.

"పగటి డ్యూటీ ఇప్పించండి బాబూ," అందామె. "పగలే ఊడిస్తే లైట్లూ అక్కర్లేదు, సెన్సార్లూ అక్కర్లేదు. ఇంతింత చదువుకున్నారు, మీకెవ్వరికీ తట్టలేదా?"