రెండు బద్దల కోలా

కోడ్ క్లర్కు మదుకా శవం ఉదయం తొమ్మిదింటికి కర్రపెండలం చేలో దొరికింది. వీపులో ఒకే ఒక్క తూటా. పక్కన సైకిలు పడి ఉంది. చైను కూడా ఊడలేదు.

పదిన్నరకి ఏజెంట్ ఉజొందు సైనిక గూఢచారి డైరెక్టరేట్ ఆఫీసులో అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆఫీసంటే ఒక మిషన్ స్కూల్లో నాలుగో తరగతి గది. బియాఫ్రా నైజీరియా నుంచి విడిపోయి యుద్ధం మొదలైన ఈ రెండున్నరేళ్ళలో ఆఫీసు మారడం ఇది ఏడోసారి. మారినప్పుడల్లా దేశం ఇంకొంచెం చిన్నదయ్యేది. గోడకి తగిలించిన బియాఫ్రా మ్యాపు ఉజొందు స్వయంగా గీసిందే. యుద్ధానికి ముందు పదకొండేళ్ళు భూగోళం పాఠాలు చెప్పాడు కదా, ఆ పని అతనికే అప్పగించారు. మొదట్లో మ్యాపు గోడంత ఉండేది. ఈ జనవరికి శత్రువు చేతిలోకి పోని భాగాన్ని అరచేత్తో మూసేయొచ్చు.

"కూర్చో, టీచరూ," అన్నాడు మేజర్ న్వకన్మా. ఆయన నిద్రపోయి నాలుగు రోజులైందని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. పేస్టు దొరక్క ఏడాదైంది, ఎవరి పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి, అనుకున్నాడు ఉజొందు.

"మదుకా కేసు నీది. పారిపోయిన సిపాయిలెవరో ఆకలికి చంపుంటారు. రెండు లైన్ల రిపోర్టు రాసిపడెయ్. సాయంత్రానికి ఫైలు మూసెయ్యాలి."

"సిపాయిలైతే సైకిలు వదుల్తారా, సార్?"

మేజర్ ఫైలు అతని వైపు తోశాడు. "కంగారులో వదిలేసుంటారు. నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు. మీ అమ్మాయి ఇవాళ్టి ఫ్లైటులో వెళ్తోందిగా? పోయి దాని దగ్గర కూర్చో."

ఉజొందు సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. స్టోర్ గుమాస్తా మిషన్ కిట్ ఇచ్చాడు. అందులో మన సైంటిస్టులు అడవిలో షెడ్డు వేసుకుని తయారుచేసిన పిస్తోలు ఒకటి, రహస్య సిరా పెన్ను ఒకటి. పిస్తోలు ఐదుసార్లు నొక్కితే రెండుసార్లు పేలుతుంది. పెన్నుతో రాసింది ఎంత రహస్యమంటే, రాసినవాడికి కూడా మళ్ళీ కనిపించదు.

మదుకా వస్తువులు ఒక పాలడబ్బాలో పెట్టి ఇచ్చారు. ఐడెంటిటీ కార్డు, జపమాల, ఒక కోలా కాయ. నమిలితే చేదుగా ఉన్నా ఆకలి చంపే కాయ. దాన్ని కొరకలేదు.

ఉజొందు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఆకలికి బల్లుల్ని కాల్చుకు తింటున్న ఊళ్ళో ఎవడైనా కోలా కాయని కొరక్కుండా జేబులో పెట్టుకున్నాడంటే ఒకటే అర్థం. అతను ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళాడు. ఇంటాయన కోలా పగలగొట్టి, ప్రార్థన చేసి, పంచి, వెళ్ళేటప్పుడు ఇంకో కాయ చేతిలో పెట్టి పంపాడు. ఎవరింటికి వెళ్ళొచ్చాడో తనవాళ్ళకి చూపించుకోవడానికి. ఇబో జాతివాళ్ళ ఇళ్ళలో తాతల నాటి మర్యాద అది.

ఆకలికి చంపే సిపాయి సైకిల్నే కాదు, ఈ కాయనీ వదలడు. అంటే మదుకాని చంపింది దారినపోయే సిపాయి కాదు. మర్యాద చేసి మరీ సాగనంపినవాడు.

ఇంకో సంగతీ ఉంది. గోరుతో కాయని చీల్చి చూశాడు. రెండే బద్దలు. మన చెట్టు కోలాకి మూడో నాలుగో బద్దలుంటాయి. రెండు బద్దలది గ్వోరో, శత్రువు వైపు ఉత్తరాదివాళ్ళు నమిలేది. నిద్ర రాకుండా ఆపుతుంది. అది మన నేలలో దొరకదు. దిగ్బంధం మొదలయ్యాక వచ్చిందంటే యుద్ధరేఖ దాటే వచ్చుండాలి.

మధ్యాహ్నం మిషన్ ఆసుపత్రికి వెళ్ళాడు. ఆరేళ్ళ ఇజెమ్మా చాప మీద కూర్చుని ఉంది. జుట్టు రాగిరంగుకి తిరిగింది, కడుపు ఉబ్బింది, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. తల్లి కిందటేడు బజారు మీద పడిన బాంబులో పోయింది. మిగిలింది వీళ్ళిద్దరే.

సిస్టరు అట్టముక్క, దారం ఇచ్చింది. "పిల్లల్ని దీవికి తీసుకెళ్ళే ఫ్లైటుకి చీటీ మీరే రాయండి, మాస్టారూ. మీ దస్తూరీ బావుంటుంది."

ఉజొందు గుండ్రటి అక్షరాలతో రాశాడు. పేరు, ఊరు, దేశం. కూతురి మెడలో కట్టాడు.

"నాన్నా, ఆ ఊళ్ళో ఉప్పు ఉంటుందా?" అంది ఇజెమ్మా.

"బోలెడంత. చుట్టూ సముద్రమే."

"అయితే నీకు కూడా తెస్తాను."

అతను లేచి గోడవైపు తిరిగాడు. ఈ పిల్ల ఇవాళ విమానం ఎక్కకపోతే వారం కూడా బతకదని సిస్టరు నిన్ననే చెప్పింది. అతనికి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, ఏడుంబావుకి ఆ విమానం దిగాలి, ఈ పిల్లని ఎక్కించుకుని లేవాలి.

అటాక్ బజారు రబ్బరు తోట నీడలో జరుగుతుంది. ప్రాణాలకి తెగించి యుద్ధరేఖ దాటి, శత్రువు ఊళ్ళలో ఉప్పు కొనుక్కుని వచ్చే ఆడవాళ్ళ బజారు అది. ఉజొందు పాదిరీ గౌను వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాడు.

"ఆశీర్వదించండి, ఫాదర్," అంది ఉప్పు అమ్ముకునే ఉలోమా. వెంటనే గొంతు తగ్గించి, "చెప్పులు మార్చుకోవాల్సింది అన్నయ్యా. ఈ టైరు చెప్పులు మీ డైరెక్టరేట్ వాళ్ళు తప్ప ఎవరూ వేసుకోరు," అని నవ్వింది.

ఆ నవ్వు కోసం రెండువైపులా చెక్‌పోస్టుల్లో సిపాయిలు దారి వదిలేవాళ్ళు. తలకి విగ్గు, పెదాలకి గీరి గీరి తీసిన లిప్‌స్టిక్కు, చంకలో ఉప్పు సంచీ. బియాఫ్రాకి గూఢచారి, అవతలివాళ్ళకీ గూఢచారి.

"నువ్వు ఎవరి మనిషివే, అసలు?"

"ఇద్దరికీ అబద్ధాలే చెప్తాను. నిజం చెప్పడానికి నాకు ఎవరేం పెట్టారు గనక?"

అతను గ్వోరో కాయ చూపించాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇది నీకెక్కడిది?"

"చచ్చిపోయినవాడి జేబులోది. ఎవరికి అమ్మావు?"

"మన ఊళ్ళో గ్వోరో ఎవడు కొంటాడు? దాన్ని దేవుడి ముందు కూడా పెట్టరు. ఒకే ఒక్కడు వారం వారం తెప్పించుకుంటాడు, నిద్ర ఆపుకోవడానికట." ఆమె అటూ ఇటూ చూసింది. "మీ మేజర్."

కోలా మరక పట్టిన గోధుమరంగు పళ్ళు ఉజొందు కళ్ళముందు మెదిలాయి. ఇంతసేపూ ఎదురుగానే ఉన్నాయి, తను మాత్రం పేస్టు గురించి ఆలోచించాడు.

"ఇంకోటి కూడా విను. ఫోటోలు తీసే తెల్లాయన లేడూ, మార్టెన్స్? పొద్దున నాకు దోసెడు ఉప్పు ఊరికే ఇచ్చాడు. సాయంత్రం ఏడింటికి ఎయిర్‌స్ట్రిప్ దగ్గర ఉండకు, పిల్లా, అన్నాడు. ఆ మనిషి ఊరికే ఉప్పు ఇచ్చే రకం కాదు."

టైము మూడున్నర.

మేజర్ గది తలుపు ఉజొందు తట్టలేదు. లోపలికి వెళ్ళి, కాయని బల్ల మీద పెట్టాడు.

"దీన్ని ఇంటికి తీసుకెళ్ళి చూపించమని మీరు మదుకాకిచ్చారు. అతను ఇంటికి చేరలేదు. అందుకని నేను చూపిస్తున్నాను."

మేజర్ ఆ కాయ వంక చాలాసేపు చూశాడు. అబద్ధమాడతాడేమో అనుకున్నాడు ఉజొందు. ఆడలేదు.

"అలవాటురా," అన్నాడు చివరికి. "విమానాలు దిగే కోడ్ అవతలివాళ్ళ మనిషి మార్టెన్స్‌కి ఇచ్చింది నేనని వాడికి తెలిసిపోయింది. ఒక ఊరివాళ్ళమని, రిపోర్టు చేసేముందు నాతో చెప్పడానికి ఇంటికొచ్చాడు. కూర్చోబెట్టాను. ఇంట్లో మన కోలా లేదు, ఉన్నదే పగలగొట్టాను. లేచేటప్పుడు మా నాన్న చేసినట్టే ఇంకోటి చేతిలో పెట్టాను. వాడు సైకిలెక్కాడు. నేను తుపాకీ తీసుకుని వెనకాల వెళ్ళాను."

"ఎందుకు సార్?"

"ఏడింటికి బాంబర్ వస్తుంది. మన కోడే చెప్తుంది. టవర్ లైట్లు వేస్తుంది. రన్‌వే పోతుంది. పావుగంట తర్వాత వచ్చే పాలపొడి విమానం దిగడానికి చోటుండదు." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ పాలపొడి వస్తున్నంతకాలం పైవాళ్ళు ఇంకో నెల, ఇంకో నెల అంటారు. ఆ నెలలో ఎంతమంది పిల్లల్ని పూడుస్తున్నాం? విమానాలు ఆగితే వారంలో యుద్ధం ఆగుతుంది."

"ఆ విమానంలో నా కూతురు వెళ్ళాలి."

"తెలుసు. లిస్టు మీద సంతకం నాదే."

ఉజొందు పిస్తోలు తీసి నొక్కాడు. క్లిక్. మళ్ళీ నొక్కాడు. క్లిక్. మూడోసారీ అంతే.

"మన తయారీయే కదూ?" అన్నాడు మేజర్, జాలిగా.

ఉజొందు పిస్తోలు తిరగేసి పిడితో ఆయన కణత మీద కొట్టాడు. ఆ పని అది చక్కగా చేసింది. మేజర్‌ని కుర్చీకి కట్టి, తలుపుకి కాపలా పెట్టి, రబ్బరు తోటకి సైకిలు తొక్కాడు. మదుకా సైకిలే.

కొత్త కోడ్ పంపే దారి లేదు, విమానం అప్పటికే సముద్రం మీద ఉంది. మార్టెన్స్‌ని పట్టుకున్నా లాభం లేదు, వాడు బాంబర్‌కి కోడ్ ఎప్పుడో చేరవేశాడు. లైట్లు వెయ్యకుండా ఊరుకుంటే, పాలపొడి విమానానికి వేసేదాకా బాంబర్ పైనే తిరుగుతూ కాస్తుంది. ఇక మిగిలింది ఒకటే.

"రెండు వరసల దీపాలు కావాలి," అన్నాడు ఉలోమాతో. "పాత రోడ్డు మీద, ఎయిర్‌స్ట్రిప్‌కి రెండు మైళ్ళ అవతల. పైనుంచి చూస్తే రన్‌వే అనుకోవాలి."

"దీపాలకి నూనేదీ? పామాయిలు కూరలోకే లేదు!"

"మీ అటాక్ ఆడవాళ్ళ దగ్గర ఉంది. దాచుకున్నారు. నాకు తెలుసు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "చీటీ కట్టావా పిల్లకి?"

"కట్టాను."

"సరే పద," అంది. సంచీ చంకలోంచి తీసి కింద పెట్టింది. అరగంటలో అరవై పాలడబ్బాలతో, అరవై గుడ్డపీలికల వత్తులతో ముప్ఫై మంది ఆడవాళ్ళు పాత రోడ్డు మీదికి నడిచారు. ఈ యుద్ధంలో తాను చూసిన చిట్టచివరి సైన్యం అదే అనిపించింది ఉజొందుకి.

ఏడింటికి రెండు నిమిషాలు తక్కువ. టవర్‌లో రేడియో ముందు ఉజొందు కూర్చున్నాడు. పక్కన ఆపరేటరు వేళ్ళు రన్‌వే లైట్ల స్విచ్చు మీద సిద్ధంగా ఉన్నాయి.

"గుడ్ హార్వెస్ట్," అంది రేడియోలో ఒక తెల్లవాడి గొంతు. "గుడ్ హార్వెస్ట్. లైట్లు వెయ్యండి."

కోడ్ కరెక్టు. ఆపరేటరు స్విచ్చు నొక్కబోయాడు. ఉజొందు ఆ చెయ్యి పట్టుకుని బల్లకి అదిమేశాడు.

"వెల్‌కమ్, గుడ్ హార్వెస్ట్. లైట్లు వేస్తున్నాం," అన్నాడు మైకులో. కిటికీలోంచి టార్చి రెండుసార్లు ఊపాడు. గుట్ట మీదున్న మనిషి దాన్ని అందుకుని అవతలికి ఊపాడు. దూరంగా మసక చీకట్లో రెండు వరసల వెలుగు చుక్కలు ఒకటొకటిగా లేచాయి. ఒకవైపు చివర రెండు మాత్రం గాలికి ఆరిపోయాయి. వరస వంకరగా కనిపించింది.

విమానం శబ్దం నెత్తిమీదుగా వెళ్ళి, అనుమానపడ్డట్టు ఒక చుట్టు తిరిగింది. ఆ రెండు చుక్కలూ మళ్ళీ వెలిగాయి. ఎవరో వెనక్కి వెళ్ళి వెలిగించారు.

బాంబులు పడ్డాయి. నాలుగు. నేల అదిరి బల్ల మీది పెన్సిలు దొర్లి కింద పడింది.

ఏడుంబావుకి పాలపొడి విమానం దిగింది. పాలపొడి బస్తాలు దించుతుండగానే సిస్టర్లు పిల్లల్ని ఎక్కించారు. ఇజెమ్మా మెట్ల మీద వెనక్కి తిరిగి ఏదో అరిచింది. ఇంజను మోతలో వినపడలేదు. 'ఉప్పు' అని అయి ఉంటుందనుకున్నాడు. ఆ తర్వాత జీవితమంతా అలాగే అనుకున్నాడు.

పాత రోడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు గుంటల్లోంచి లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. ముప్ఫైమందిలో ఇరవై తొమ్మిది మంది. చివరి రెండు దీపాల దగ్గర ఉలోమా విగ్గు దొరికింది. ఉజొందు అక్కడే రోడ్డు మీద కూలబడి, పాదిరీ గౌను అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

వారం తిరక్కుండానే బియాఫ్రా లొంగిపోయింది, యుద్ధం ఆగిపోయింది. విమానాలు ఆగక్కర్లేకుండానే.

జనవరి ఆఖరుకి పాత ఉద్యోగుల్ని నమోదు చేస్తున్నారంటే ఉజొందు క్యూలో నిలబడ్డాడు. అదే స్కూలు, అదే నాలుగో తరగతి గది. గుమ్మం మీద కొత్త జెండా. మ్యాపు తీసేశారు, మేకు మాత్రం ఉంది. బల్ల వెనక మేజర్ న్వకన్మా ఉన్నాడు. కణత మీద మానిన గాయం. కాపలావాడు పారిపోయిన రోజే ఆయన కట్లు తెంచుకుని అవతలికి నడిచి వెళ్ళాడు. గెలిచినవాళ్ళకి ఆయన పనికొచ్చాడు.

"యుద్ధకాలంలో ఏం చేశావు?" అన్నాడు మేజర్, ఫారం చూస్తూ.

"భూగోళం టీచర్ని, సార్."

"మంచిది." పెన్ను గీసుకుపోయింది. "కుటుంబం?"

"ఒక కూతురు. సముద్రం అవతల ఉంది. ఎలా తెప్పించుకోవాలి?"

"చీటీ మీద ఏం రాశావు?"

"పేరు, ఊరు, దేశం."

పెన్ను ఆగింది. "ఊరు?"

"తగలబడింది."

దేశం సంగతి మేజర్ అడగలేదు. ఫారం మీద ముద్ర వేశాడు. సొరుగు లాగి, కోలా కాయ ఒకటి తీసి, తలెత్తకుండా ముందుకి చాచాడు. వచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపే అలవాటు ఆయనకి ఇంకా పోలేదు. పుచ్చుకోకుండా వెళ్ళే అలవాటు ఉజొందుకీ లేదు, చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. ఇంటికి చేరాక గడప మీద నిలబడి జేబులోంచి తీశాడు. ఎవరింటికి వెళ్ళొచ్చాడో చూపించుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.